కోడ్ మారింది, ఎవరి చెవిన వేయాలి? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఏ కబురు పద్ధతి ఎవరికి నప్పుతుంది

కిందటి మాఘమాసంలో ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెళ్లి శుభలేఖ మీద పెళ్లికూతురి నాయనమ్మ పేరు తప్పు పడింది. ఆవిడ పేరు యల్లమ్మ. కార్డుకు ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. తెలుగు పక్క బాగానే ఉంది. ఒడియా పక్క చదివితే మాత్రం "జల్లమ్మ" అని వస్తోంది. మూడు వందల కార్డులు అప్పటికే కొట్టేశారు. ప్రెస్సు మావయ్య ఫోన్ చేసి, "ఏమ్మా, మొన్నటిదాకా బాగానే వచ్చేది కదా, ఏం మార్చారు మీరు?" అని అడిగారు. కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధేసింది.

ఆ ఒడియా పక్కను తయారు చేసింది మేం నలుగురం కలిసి నడిపే చిన్న ఓపెన్ సోర్స్ టూల్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపగల ప్రోగ్రామ్. తెలుగు అక్షరాలను ఒడియా అక్షరాల్లోకి, ఒడియాను తెలుగులోకి మారుస్తుంది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో దీని అవసరం కళ్లకు కనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడేది అందరూ తెలుగే. కానీ నాయనమ్మకు తెలుగు అక్షరాలు వచ్చు, ఒడియా బడిలో చదివిన మనవడికి ఒడియా అక్షరాలే వచ్చు.

పైకి చూస్తే ఈ పని సులువు. యూనికోడ్‌లో ఈ రెండు లిపులూ ఒకే వరసలో పేర్చి ఉంటాయి. ఒడియా అక్షరం సంఖ్యకు 256 కలిపితే చాలావరకు దానికి సరిపడే తెలుగు అక్షరం వస్తుంది. చిక్కంతా ఆ "చాలావరకు" దగ్గరే. తెలుగులో ఎ, ఏ రెండున్నాయి, ఒడియాలో ఒక్కటే. ఒడియాలో యకారం చోట రెండు అక్షరాలున్నాయి, ఒకదాన్ని "జ" అని పలుకుతారు, ఇంకోదాన్ని "య" అని. గుణుపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఒక మార్పు పంపాడు: పదం మొదట్లో యకారం వస్తే "జ"గా పలికే అక్షరమే పెట్టాలని. ఒడియా పేర్లకు అది సరైనదే, యమునను అక్కడ జమున అనే అంటారు. ఇద్దరం చూశాం, బాగుందనుకున్నాం, మెర్జ్ చేశాం, అంటే అసలు కోడ్‌లో కలిపేశాం. ఆ మార్పు గురించి కబురు అందినవాళ్లందరం ప్రోగ్రామర్లమే. రోజూ ఆ పేజీ తెరిచి పేర్లు కొట్టే మావయ్యకు ఎవరమూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్క చూపులో పట్టేసేవారు.

ఆ తర్వాత రెండు నెలలు పెద్ద ప్రాజెక్టులు ఈ పని ఎలా చేస్తాయో కూర్చుని చూశాను. ఏది మాకు పనికొచ్చింది, ఏది రాలేదు, మీ ప్రాజెక్టుకు ఏది నప్పుతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్నను విడదీయాలి

"ఈ మార్పు ఎవరికి చెప్పాలి?" అని అడిగితే సరైన జవాబు రాదు. "ఎందుకు చెబుతున్నాం?" అని అడిగితే వస్తుంది. మన పెళ్లిళ్లలో పిలుపులు అందరికీ ఒకేలా ఉండవు కదా. మేనమామ ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం, ఆయన రాకపోతే పని ఆగుతుంది. స్నేహితులకు శుభలేఖ ఇస్తాం, వస్తే సంతోషం, రాకపోయినా ముహూర్తం ఆగదు. వీధివాళ్లకు మాత్రం "రేపు రోడ్డుకు అడ్డంగా పందిరి వేస్తున్నాం" అని చెబుతాం. వాళ్లు పెళ్లికి రావాలని కాదు, బండి వేరే సందులోంచి తిప్పుకుంటారని.

కోడ్ మార్పులోనూ ఈ మూడు రకాలవాళ్లే ఉంటారు. సరే అని చెప్పాల్సినవాళ్లు, తెలుసుకోవాలని కోరుకునేవాళ్లు, మార్పు వల్ల తమ పని తీరు మార్చుకోవాల్సినవాళ్లు. కింద చెప్పే ఒక్కో పద్ధతి వీళ్లలో ఒకరికే బాగా పనికొస్తుంది. మేం చేసిన పొరపాటు మొదటి రకానికి చెప్పేసి అందరికీ చెప్పాం అనుకోవడం. మావయ్య మూడో రకం.

ఒకరి కోడ్ మార్పును కలిపేముందు ఇంకొకరు చూడటాన్ని కోడ్ రివ్యూ అంటారు. గెరిట్ అనే కోడ్ రివ్యూ సాఫ్ట్‌వేర్‌లో రివ్యూయర్, సీసీ అని రెండు వేర్వేరు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో పేరుంటే పని ఉందని, రెండో గడిలో ఉంటే చూస్తే చాలని అర్థం. 3.3 వర్షన్ నుంచి "అటెన్షన్ సెట్" అని ఇంకొకటి చేర్చారు. ఈ మార్పు ఇప్పుడు ఎవరి దగ్గర ఆగి ఉందో అది చూపిస్తుంది. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా కనీసం ఆ మొదటి రెండు గళ్ల తేడా మనసులో ఉంచుకోండి.

అందరికీ అన్నీ

రెపోలో, అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోట, ఉన్న అందరికీ ప్రతి మార్పూ మెయిల్‌లో వెళ్లడం. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో "వాచ్" నొక్కి "ఆల్ యాక్టివిటీ" పెట్టుకుంటే జరిగేది ఇదే. ముగ్గురు నలుగురున్న ప్రాజెక్టుకు, రోజుకు ఒకటి రెండు మార్పులు వచ్చేంతవరకు, దీన్ని మించింది లేదు. ఏర్పాటు ఖర్చు సున్నా, ఎవరూ జారిపోరు. అది దాటాక మాత్రం మెయిల్‌బాక్స్‌లో ఫిల్టర్ పెట్టేసుకుంటారు, ఆ ఫోల్డర్ ఇక ఎవరూ తెరవరు. "నాకు కబురు రాలేదు" అనడానికీ "వచ్చింది కానీ చూడలేదు" అనడానికీ ఫలితంలో తేడా ఉండదు.

గిట్‌హబ్‌లోనే "కస్టమ్" అని ఉంటుంది. ఇష్యూలు (ఫిర్యాదులు), పుల్ రిక్వెస్టులు ("ఈ మార్పు కలుపుకోండి" అని పంపేవి), రిలీజ్‌లు (కొత్త వర్షన్లు), భద్రతా హెచ్చరికలు, వీటిలో కావలసినవి ఎంచుకోవచ్చు. కానీ "ఈ ఫోల్డర్ మారితేనే చెప్పు" అనే వీలు అందులో లేదు. చాలామంది అడిగేది సరిగ్గా అదే.

పాత చరిత్ర చూసి ఊహించడం

కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ గిట్. ఒక వరుసను చివరిసారి ఎవరు ముట్టుకున్నారో గిట్ బ్లేమ్ అనే ఆదేశం చెబుతుంది. ఒక ఫోల్డర్‌లో ఎవరు ఎన్ని కమిట్లు (నమోదైన మార్పులు) చేశారో గిట్ షార్ట్‌లాగ్ చెబుతుంది. అయితే వాళ్లకే కబురు పెడితే పోలేదా? ఫేస్‌బుక్ ఒకప్పుడు మెన్షన్ బాట్ అనే బాట్‌ను, అంటే దానంతట అదే పనిచేసే ప్రోగ్రామ్‌ను, ఇలాగే తయారు చేసింది. పుల్ రిక్వెస్ట్ రాగానే బ్లేమ్ చూసి, తగినవాళ్లని తోచిన పేర్లను పిలిచేది. ఇప్పుడు ఆ ప్రాజెక్టు ఆపేశారు.

ఈ పద్ధతి మీద నాకు మొదట్లో చాలా నమ్మకం ఉండేది. జాబితా రాయక్కర్లేదు, పాతబడదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. మా అక్షరాల పట్టిక ఫైల్ తెరిచి చూశాక నమ్మకం పోయింది. అందులో ముప్పాతిక వరుసలు నా పేరు మీదే ఉన్నాయి. నేను ఆ పట్టిక రాయలేదు. ఒకరోజు ట్యాబులు తీసేసి స్పేసులు పెట్టి వరుసలు సర్దానంతే. ఒడియా వ్యాకరణం నిజంగా తెలిసి ఆ పట్టికను అక్షరం అక్షరం కట్టింది బరంపురంలో ఉండే మా వదిన. ఆవిడ పేరు ఆ ఫైల్‌లో పదకొండు వరుసల్లో మిగిలింది. బ్లేమ్‌ను నమ్ముకుంటే యకారం మార్పు నాకే వచ్చేది. వచ్చింది కూడా. ఒడియా చదవడం అంతంతమాత్రంగా వచ్చిన నేనే దానికి సరే అన్నాను.

దీనికి కొంత మందు ఉంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, సర్దుబాటు కమిట్ల నంబర్లను ఒక ఫైల్‌లో రాసి పెడితే బ్లేమ్ వాటిని దాటేసి వెనక్కి చూస్తుంది. ఒకే మనిషి మూడు మెయిల్ ఐడీలతో ఉంటే మెయిల్‌మ్యాప్ ఫైల్ కలిపేస్తుంది. ఇవి రెండూ చేయండి, మంచిదే. కానీ ఊరు మారిన మనిషిని, ఉద్యోగం మారి ఈ కోడ్ వైపు చూడని మనిషిని చరిత్ర ఎప్పటికీ పిలుస్తూనే ఉంటుంది. కోడ్ ఒక్క వరుస రాయకుండా దాని బాగోగులు చూసేవాళ్లను ఎప్పటికీ పిలవదు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను రాసేవాళ్లు దీన్ని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచారు. అక్కడ గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్ట్ ఉంది. మీ ప్యాచ్, అంటే మీ మార్పు ఉన్న ఫైల్, ఇస్తే ఎవరెవరికి పంపాలో చెబుతుంది. అది ముందుగా మనుషులు రాసి పెట్టిన జాబితా చూస్తుంది. మారిన ఫైల్‌కు మెయింటెయినర్, అంటే దాని బాధ్యత చూసేవాళ్లు, ఎవరూ దొరకనప్పుడు గిట్ చరిత్రను ఆసరా తీసుకుంటుంది. మీకూ నా సలహా ఇదే. చరిత్రను జాబితా మొదటిసారి రాసుకునేటప్పుడు వాడండి, రోజువారీ కబుర్లకు వద్దు.

బాధ్యుల జాబితా రాసి పెట్టడం

ఇందులో పెద్దన్న లాంటిది కెర్నల్‌లోని మెయింటెయినర్స్ ఫైల్. ఒక్కో భాగానికి కొన్ని వరుసలు, ఒక్కో వరుస ముందు ఒక ఇంగ్లీషు అక్షరం. ఎమ్ అంటే మెయింటెయినర్, ఆర్ అంటే రివ్యూయర్, ఎల్ అంటే మెయిలింగ్ లిస్ట్, ఎఫ్ అంటే ఏ ఫైళ్లు. నాకు అన్నిటికన్నా నచ్చినవి రెండు. ఎస్ అనేది ఆ భాగం స్థితి చెబుతుంది: జీతమిచ్చి చూసుకునేవాళ్లున్నారా, ఎవరో ఒకరు చూసుకుంటున్నారా, లేక "ఆర్ఫన్", అంటే దిక్కులేనిదా. దిక్కులేదని బాహాటంగా రాయడం చిన్న విషయం కాదు. జాబితాలో పేరుండి మనిషి పలక్కపోతే ప్యాచ్ పంపినవాళ్లు వారాల తరబడి ఎదురుచూస్తారు. ఎవరూ లేరని రాసి ఉంటే ఇంకో తలుపు తడతారు. రెండోది కే. ఫైల్ పేరుతో పని లేకుండా, ప్యాచ్ లోపల ఫలానా మాట కనిపిస్తే వీళ్లకు చెప్పండి అని రాసుకోవచ్చు. ఒక విషయం పది ఫోల్డర్లలో చెదిరి ఉన్నప్పుడు అదొక్కటే దారి.

క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియంలో ఒక్కో ఫోల్డర్‌లో ఓనర్స్ అని ఫైల్ ఉంటుంది. సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటిస్‌లోనూ అదే పేరు. కానీ అందులో రివ్యూయర్లు వేరు, అప్రూవర్లు వేరు. కోడ్ బాగుందా అని చూసేవాళ్లు ఒకరు, ఇది మన ప్రాజెక్టులోకి రావాలా అని తేల్చేవాళ్లు ఇంకొకరు. ఒకప్పుడు చూసి ఇప్పుడు తప్పుకున్న పెద్దలకు "ఎమెరిటస్" అని వేరే వరుస పెట్టారు. పేరు గౌరవంగా ఉంటుంది, మెయిళ్లు మాత్రం రావు. ఇది చాలా మర్యాదైన ఏర్పాటు. మన దగ్గర జాబితాలు ఎందుకు పాతబడతాయంటే, పెద్దవాళ్ల పేరు తీసేయడానికి మొహమాటం.

ఇక మనలో ఎక్కువమందికి దొరికేది 2017 నుంచి గిట్‌హబ్‌లో ఉన్న కోడ్‌ఓనర్స్ ఫైల్. ఏ ఫైళ్లు మారితే ఎవరి రివ్యూ అడగాలో అందులో రాస్తారు. పబ్లిక్ రెపోలకు ఉచితమే. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లోనూ ఇలాంటిది ఉంది కానీ అది డబ్బు కట్టే ప్లాన్లలోనే దొరుకుతుంది. పెట్టుకునేముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. వీటిలో రెండు చోట్ల మేం దెబ్బతిన్నాం.

ఒకే ఫైల్‌కు రెండు వరుసలు సరిపోతే చివరిదే చెల్లుతుంది. పైన "అన్నిటికీ వదిన" అని రాసి, కింద "పట్టికల ఫోల్డర్‌కు నేను" అని రాస్తే పట్టికల మార్పులు ఆవిడకు వెళ్లవు. రెండు పేర్లూ కావాలంటే రెండూ ఒకే వరుసలో రాయాలి. అలా రాశాక ఓనర్ల అనుమతి తప్పనిసరి చేసినా, ఆ వరుసలో ఎవరో ఒక్కరు సరే అంటే చాలు. ఇద్దరూ చూడాల్సిందే అనుకుంటే ఇది సరిపోదు. చెల్లే కోడ్‌ఓనర్స్ ఫైల్, మార్పు పంపినవాళ్ల బ్రాంచ్‌లోది (విడి కోడ్ పాయలోది) కాదు, అది ఎక్కడ కలవబోతోందో ఆ బ్రాంచ్‌లోది. పుల్ రిక్వెస్ట్ డ్రాఫ్ట్‌గా ఉన్నంతసేపు ఓనర్లకు పిలుపు వెళ్లదు, సిద్ధం అని గుర్తు పెట్టాకే వెళుతుంది. ఇది మంచి గుణం, వాడుకోండి.

అన్నిటికన్నా పెద్ద పరిమితి, కోడ్‌ఓనర్స్‌లో పేరున్నవాళ్లకు ఆ రెపోలో రాసే హక్కు ఉండాలి. అంటే తెలుగు అనువాదం చేసే టీచర్‌ను, మా ప్రెస్సు మావయ్యను అందులో చేర్చలేం. చేర్చాలంటే కోడ్ మార్చే తాళం చేతికివ్వాలి. ఆ తాళం ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేది కాదు. కాబట్టి ఈ ఫైల్ బొట్టు పెట్టి పిలవాల్సినవాళ్లకే. దాన్ని సాగదీసి శుభలేఖల జాబితాగా వాడితే, చూస్తే చాలనుకున్న మనిషికి కూడా "మీ రివ్యూ కోసం ఆగి ఉంది" అని మెయిల్ వెళుతుంది. నాలుగు సార్లు అలా వచ్చాక ఆ మనిషి నిజంగా కావలసిన రోజున కూడా చూడరు.

ఒక వరుసలో మనిషి పేరు రాయాలా, టీమ్ పేరు రాయాలా అని చాలామంది అడుగుతారు. నలుగురి లోపు ఉంటే మనిషి పేరే రాయండి. టీమ్‌కు వెళ్లిన పిలుపును ఒకరు చూస్తారులే అని ఇంకొకరు ఊరుకుంటారు. పెద్ద టీమ్ అయితే గిట్‌హబ్‌లో వంతులవారీగా ఒకరికి అప్పగించే ఏర్పాటు ఉంది, అది తప్పకుండా పెట్టుకోండి.

ఎవరికి కావాలో వాళ్లే పేరు రాసుకోవడం

నేను మనసారా సిఫారసు చేసేది ఇదే, చాలా ప్రాజెక్టులు పట్టించుకోనిదీ ఇదే. ఎవరికి ఆసక్తి ఉందో మనం ఊహించడం మానేసి, వాళ్లనే చెప్పనివ్వాలి.

వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి ఏర్పాటు ఉంది. వికీలోనే ఒక పేజీ. ఏ ప్రాజెక్టులో, ఏ ఫైళ్లు మారితే తనకు చెప్పాలో ఎవరైనా అక్కడ తమ పేరు రాసుకోవచ్చు. గెరిట్‌లో మార్పు రాగానే ఒక బాట్ ఆ పేజీ చూసి, సరిపోయినవాళ్లను రివ్యూయర్‌గా చేరుస్తుంది. పేరు తీసేయాలంటే పేజీ ఎడిట్ చేస్తే సరి, ఎవరినీ అడగక్కర్లేదు. గెరిట్ సెట్టింగుల్లో కూడా ప్రాజెక్టులను వాచ్ చేసుకునే వీలుంటుంది. అందులో ఫైల్ పేరును బట్టి ఫిల్టర్ రాసుకోవచ్చు. తేడా ఏమిటంటే, వికీ పేజీ అందరికీ కనబడుతుంది, సెట్టింగులు మీకొక్కరికే కనబడతాయి. నా ఓటు కనబడేదానికే. ఒక భాగం మీద ఒక్కరి కన్ను కూడా లేదని అందరికీ తెలియడం ముఖ్యం.

క్రోమియంలో ఓనర్స్ ఫైళ్లు కాక వాచ్‌లిస్ట్స్ అని విడిగా ఒక ఫైల్ ఉంది. ఫలానా దారిలో ఫైల్ మారితే ఫలానావాళ్లను సీసీలో పెట్టు అని అందులో రాస్తారు. బాధ్యులు ఒక చోట, ఆసక్తి ఉన్నవాళ్లు ఇంకో చోట. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల ట్రయేజ్‌బాట్‌కు కూడా ఇలాగే ఫైళ్ల దారులు, పేర్లు రాసిచ్చే వీలుంది. ఆ ఫైల్ మారిన పుల్ రిక్వెస్ట్ రాగానే బాట్ వాళ్లను పేరు పెట్టి పిలుస్తుంది.

కంపైలర్లు కట్టుకోవడానికి వాడే ఎల్‌ఎల్‌వీఎమ్ ప్రాజెక్టు వాళ్ల కథ మాకు దారి చూపింది. వాళ్లు ఫాబ్రికేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రివ్యూలు చేసుకునేవారు. అందులో హెరాల్డ్ అని ఒక భాగం ఉండేది. ఎవరికి వాళ్లు "ఇలాంటి మార్పు వస్తే నాకు చెప్పు" అని నియమం రాసుకునేవారు. 2023లో గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులకు మారినప్పుడు అది పోయింది, గిట్‌హబ్‌లో దానికి సరిసమానమైనది లేదు. అప్పుడు వాళ్లు చేసిన పని ఇది: మారిన ఫైళ్ల దారిని బట్టి లేబుల్ దానంతట అదే పడుతుంది, ఆ లేబుల్‌కు జతగా ఒక టీమ్ ఉంటుంది, బాట్ ఆ టీమ్‌ను పిలుస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ టీమ్‌లో చేరతారు, చాలనుకుంటే బయటికొస్తారు. గిట్‌హబ్‌లో ఉన్న మధ్యస్థాయి ప్రాజెక్టులకు ఇంతకన్నా మంచి నమూనా నాకు కనబడలేదు.

దీని లోటు ఒక్కటే: పేరు రాసుకోవచ్చని తెలియనివాళ్లు రాసుకోరు. అందుకని కొత్తగా వచ్చినవాళ్లకు రెండో మార్పు మెర్జ్ అయినప్పుడు, "మీకు ఏ భాగం మీద కన్ను ఉంచాలని ఉంది?" అని మేం అడుగుతున్నాం. గుణుపురం అబ్బాయి క్రియారూపాల ఫైల్ అడిగి మరీ తీసుకున్నాడు.

చేత్తో పిలవడం

మార్పు రాసినవాళ్లే, ఇది ఎవరికి తగులుతుందో ఆలోచించి పేరు పెట్టి పిలవడం. ఏ బాట్‌కూ లేని తెలివి ఇందులో ఉంది. లినక్స్ డెస్క్‌టాప్ తయారు చేసే కేడీఈలో కమిట్ సందేశంలోనే ముందు ఒక గుర్తు పదం పెట్టి మెయిల్ అడ్రస్ రాస్తే, ఆ కమిట్ నకలు వాళ్లకు వెళుతుంది. తెర మీద కనిపించే మాటలు గానీ బొమ్మలు గానీ మారితే పెట్టాల్సిన గుర్తు పదం ఇంకొకటి ఉంది, అది డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల కోసం. కొత్తవాళ్లకు మాత్రం ఎవరిని పిలవాలో తెలియదు, పెద్దవాళ్లను పిలవడానికి జంకుతారు. పుల్ రిక్వెస్ట్ ఫారంలో "ఈ మార్పు వల్ల ఎవరి పని మారుతుంది?" అని ఒక్క ప్రశ్న చేర్చండి. అంతే చాలు.

వాడుకునేవాళ్లకు

మూడో రకంవాళ్ల దగ్గరికొద్దాం. వీళ్లకు కమిట్లతో పని లేదు. మీ లైబ్రరీని తమ ప్రోగ్రామ్‌లో కలుపుకున్నవాళ్లకు రిలీజ్ కబురు చాలు. గిట్‌హబ్‌లో రిలీజ్‌ల వరకే వాచ్ పెట్టుకోవచ్చు, రిలీజ్‌ల పేజీకి ఫీడ్ కూడా ఉంది. కానీ ఆ రిలీజ్‌లో ఏం రాశారన్నదే అసలు సంగతి. "చిన్న సవరణలు" అని రాస్తే కబురు పెట్టనట్టే. ఏది మారింది, ఎవరికి తగులుతుంది, పాతదే కావాలంటే ఏం చేయాలి, ఈ మూడూ ఉండాలి.

అనువాదకులకు ఇంకాస్త ముందు చెప్పాలి. తెర మీది ఇంగ్లీషు మాట ఒక్కటి మారినా ఒడియా, తెలుగు, సవర అనువాదాలు అన్నీ పాతబడతాయి. అందుకే కేడీఈ లాంటిదే ఇంకో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో రిలీజ్‌కు ముందు మాటలు మార్చకూడని గడువు ఉంటుంది. ఆ గడువులో మార్చాలంటే అనువాదాల బృందం అనుమతి అడగాలి. మీకు ఇద్దరే అనువాదకులున్నా సరే, రిలీజ్‌కు వారం ముందు మాటలు ముట్టుకోకుండా ఉండండి.

ప్రెస్సు మావయ్య లాంటివాళ్లకు గిట్‌హబ్ అకౌంట్ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. వాళ్లు రోజూ చూసే చోటికే కబురు వెళ్లాలి. మా విషయంలో అది వాట్సాప్. ఈ ఊళ్లోనే బడిపాఠాలు చెబుతూ, వాడుక భాషలో రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి గారిని తలుచుకుని, "ట్రాన్స్‌లిటరేషన్ టేబుల్ అప్‌డేట్" లాంటి మాటలు అందులో రాయడం లేదు. పది పేర్లు తీసుకుని, పాత పద్ధతిలో ఎలా వచ్చేవో, కొత్త పద్ధతిలో ఎలా వస్తాయో పక్కపక్కన పెట్టి ఒక బొమ్మ పంపుతాం. ఆయన సరే అనేదాకా ప్రెస్సు పేజీ పాత వర్షన్ మీదే ఉంటుంది.

భద్రత సంగతి వచ్చినప్పుడు

ఇక్కడ మాత్రం పైన చెప్పినవన్నీ తలకిందులు. లోపాన్ని సరిచేసే మార్పు బయటికి రాకముందే అందరికీ చెబితే, దాన్ని వాడుకునే దొంగకూ చెప్పినట్టే. కాబట్టి ముందు చిన్న గుంపు, తర్వాత అందరూ. లినక్స్ పంపిణీదారుల కోసం ఉన్న రహస్య లిస్ట్‌లో ఒక విషయాన్ని గరిష్ఠంగా 14 రోజులే దాచి ఉంచనిస్తారు, ఆ తర్వాత బయటపెట్టాల్సిందే. చిన్న ప్రాజెక్టుకు రెపోలో, లోపం కనబడితే ఎవరికి చెప్పాలో రాసే సెక్యూరిటీ ఫైల్ ఒకటి, అందులో ఇద్దరు చూసే ఒక మెయిల్ అడ్రస్ చాలు. ఇద్దరు ఉండి తీరాలి.

ఎందుకు ఇద్దరంటే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ సంగతి గుర్తు చేసుకోండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఆ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని కనిపెట్టాడు, భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్ల వరసలో సీవీఈ-2024-3094 అని దానికి నంబర్ ఇచ్చారు. "జియా టాన్" అనే పేరుతో వచ్చిన వ్యక్తి ఏళ్ల తరబడి మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. దానికి ఏడాది ముందే, 2023 మార్చిలో, ఆ ప్రాజెక్టులో దొరికే లోపాల కబుర్లు లోపాలు వెతికిపెట్టే గూగుల్ సేవ ఓఎస్ఎస్-ఫజ్ నుంచి తనకు వచ్చేలా సెట్టింగ్ మార్చుకున్నాడు. కబురు ఎవరికి వెళ్లాలన్న జాబితా అంటే అంత విలువైనది. అందుకే కోడ్‌ఓనర్స్ ఫైల్‌కు, సెక్యూరిటీ ఫైల్‌కు కూడా కోడ్‌ఓనర్స్‌లో ఒక వరుస రాసి, ఆ వరుసలో పాతవాళ్ల పేర్లు పెట్టండి.

ఇంతకీ మీకు ఏది?

నలుగురి లోపు ఉంటే అందరూ అన్నీ చూడండి, సెక్యూరిటీ ఫైల్ మాత్రం ఈరోజే పెట్టండి. వాడేవాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరైనా దగ్గర ఉంచుకోండి. పది పన్నెండు మంది అయ్యేసరికి కోడ్‌ఓనర్స్ కావాలి. కానీ అన్ని ఫోల్డర్లకూ రాయొద్దు, తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం కష్టమైన రెండు మూడు చోట్లకే రాయండి. మాకు అది అక్షరాల పట్టిక, రిలీజ్ స్క్రిప్టులు. పాతిక దాటితే లేబుళ్లు, టీములు పెట్టి పేరు రాసుకునే ఏర్పాటు చేయండి, బాధ్యుల జాబితాను దానితో కలపొద్దు. గెరిట్‌లో ఉంటే ఈ పని ఇంకా తేలిక. మెయిల్‌లో ప్యాచ్‌లు పంపుకునే ప్రాజెక్టు అయితే కెర్నల్ ఫైల్ నమూనాను నేరుగా తీసుకోండి.

బాట్ పెట్టే తీరిక లేదు, ఒక్కటే చేయగలం అంటే పుల్ రిక్వెస్ట్ ఫారంలో ఆ ఒక్క ప్రశ్న చేర్చండి. నేనైతే దాన్ని కోడ్‌ఓనర్స్ కన్నా ముందు పెడతాను.

జాబితా ఏదైనా ఆరు నెలలకోసారి చదవండి. మేం ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి చదువుతున్నాం. ఒక్కో పేరు దగ్గర ఆగి, వాళ్లకే ఫోన్ చేసి "ఇంకా మీకు పంపమంటారా?" అని అడుగుతాం. పోయిన దసరాకు ఒకరు "పెళ్లయి విశాఖ వచ్చేశాను, తీసేయండక్కా" అన్నారు. ఆ గొంతులో ఎంత నిశ్చింతో.

మా పట్టికల ఫోల్డర్ వరుసలో ఇప్పుడు వదిన పేరు ముందు, నా పేరు తర్వాత ఉంది. మొన్న వకారం మీద ఒక మార్పు వచ్చింది. ఒడియాలో వకారాన్ని బకారంగా రాసే అలవాటు ఉంది, "వ" కోసం విడిగా ఒక అక్షరమూ ఉంది. ఏది ఎక్కడ పెట్టాలన్నది తగువు. వదిన చూసి సరే అంది. మేం మెర్జ్ చేయకుండా పది పేర్ల బొమ్మ తయారు చేసి ప్రెస్సుకు పంపాం. సాయంత్రం కరెంటు వచ్చాక మావయ్య నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: "వెంకట్రావు బాగుందమ్మా. వరలక్ష్మి కూడా బాగుంది. బసవయ్య దగ్గర మాత్రం మీరు బ, వ రెండూ ఒకటే చేసేశారు, ఓసారి చూసుకోండి." ఆ పుల్ రిక్వెస్ట్ ఇంకా తెరిచే ఉంది.